గ్రూప్స్ మెటీరియల్ పీడీఎఫ్‌లు చూపు లేని స్టూడెంట్లకి చదవడానికి రావట్లేదు, ఏం చేయాలి?

అశోక్‌నగర్_నోట్స్
అందరికీ నమస్తే. నేను అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ మెటీరియల్ తయారుచేసే టీమ్‌లో ఉన్నాను, తెలుగు మీడియం. పాలిటీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర, జాగ్రఫీ, ఎకానమీ అన్నిటికీ పీడీఎఫ్‌లు, వాటితో పాటు వీడియో క్లాసులు, ఒక మాక్ టెస్ట్ యాప్ ఉన్నాయి. ఈ బ్యాచ్‌లో చూపు లేని పిల్లలు కొందరు చేరారు. వాళ్లు ఫోన్‌లో టాక్‌బ్యాక్ (తెర మీద ఉన్నది చదివి వినిపించేది) ఆన్ చేసి మా పీడీఎఫ్ తెరిస్తే పిచ్చి పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వినిపిస్తున్నాయట, కొన్ని ఫైళ్లయితే అసలు నోరే విప్పట్లేదట. మా సార్‌కి చెబితే "ఫ్యాకల్టీతో చదివించి ఆడియో ఇచ్చేద్దాం, అయిపోతుంది" అన్నారు. అది సరిపోతుందా అని నాకు డౌట్. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. బడ్జెట్ పెద్దగా లేదు, ముందే చెప్తున్నా.

లెక్కల_మనిషి
ఆడియో ఇస్తామంటున్నారు కదా, ఇంకేం కావాలి అన్నా? ఇద్దరు ముగ్గురి కోసం వందల పేజీలు మళ్లీ కొట్టించాలా?

చెవితో_చదువు
నేను పుట్టుకతోనే చూపు లేనివాణ్ణి. పోటీ పరీక్ష రాసే బ్యాంకు ఉద్యోగంలో చేరాను, కాబట్టి ఆడియో సంగతి నేను చెప్తా. 371డి అధికరణ గురించి పరీక్షకి ముందు రోజు ఒకసారి చూసుకోవాలనుకోండి. మీరు పుస్తకం తిప్పి అర నిమిషంలో పట్టేస్తారు. నేను గంట ఆడియోలో దాన్ని ఎక్కడ వెతకాలి? ఒక పేరు ఎలా రాస్తారో తెలియాలంటే అక్షరం అక్షరం ఆగి వినాలి, సార్ గొంతులో అది దొరకదు. పైగా నేను వినే స్పీడు మీకు చెబితే నమ్మరు, పక్కనున్నవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు, ఫ్యాకల్టీ మాత్రం నింపాదిగా చదువుతూ మధ్యలో జోకులు కూడా వేస్తారు. ఆడియో క్లాసుకి బాగుంటుంది, రివిజన్‌కి కాదు.

మాకు కావాల్సింది అసలైన అక్షరాలున్న ఫైల్, అంతే. అది ఉంటే కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది చదివే సాఫ్ట్‌వేర్) చదువుతుంది. అది ఉచితం, 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు కుర్రాళ్లు మొదలుపెట్టారు. అందులో హెచ్ నొక్కితే తర్వాతి హెడింగ్‌కి పోతాం, టీ నొక్కితే టేబుల్‌కి. ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఎలాగూ ఉంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. మీ పీడీఎఫ్‌లో ఒక లైన్ కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే ఏం వస్తుంది?

అశోక్‌నగర్_నోట్స్
చేశాను. ఇంగ్లిష్ అక్షరాలు, స్టార్లు, బ్రాకెట్లు కలగాపులగంగా వచ్చాయి. ఉద్యమ చరిత్ర ఫైల్లో అసలు లైన్ సెలెక్టే అవ్వట్లేదు.

డీటీపీ_బాకారం
అది అను ఫాంట్ భయ్యా. మన గల్లీలో సగం షాపుల్లో ఇప్పటికీ పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్, తెలుగు కొట్టడానికి అను స్క్రిప్టే, నా షాపుతో సహా. సంగతి ఏందంటే, తెర మీద మీకు 'క' కనిపిస్తుంది కానీ ఫైల్ లోపల ఉన్నది ఏదో ఇంగ్లిష్ అక్షరం కోడ్. ఫాంట్ దాని మీద తెలుగు బొమ్మ తొడుగుతుంది, అంతే. ప్రింటు తీస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. చదివే సాఫ్ట్‌వేర్‌కి బొమ్మ కనిపించదు, కోడే కనిపిస్తుంది, అందుకే అది ఇంగ్లిష్ అక్షరాలు పలుకుతుంది. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగు అక్షరాలకి వాటి సొంత కోడ్‌లు ఉన్నాయి.

సెలెక్ట్ కానిది స్కాన్ చేసిన ఫైల్. అంటే పేజీని ఫొటో తీసి పీడీఎఫ్ చేశారు, అందులో అక్షరమే లేదు.

అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, వాడొచ్చు. కానీ మార్చాక మనిషి కూర్చుని చదవాలి. ర వత్తు పక్క అక్షరానికి దూకుతుంది, క్ష విరిగిపోతుంది, కొన్ని చోట్ల అంకెలు కూడా అక్షరాలైపోతాయి. పాలిటీలో అధికరణ నంబర్ మారితే ఏమైతదో మీకే తెలుసు. పేజ్‌మేకర్‌లో టేబుల్ అని మీరనుకునేది చాలాసార్లు టేబుల్ కాదు, ట్యాబులు కొట్టి గీతలు గీసింది. అవి మార్చేటప్పుడు మొత్తం కూలిపోతాయి, మళ్లీ చేతితో కట్టాల్సిందే.

లెక్కల_మనిషి
చూశారా, నేను చెప్పింది అదే. ప్రూఫ్ రీడర్‌కి డబ్బులెవరిస్తారు?

డీటీపీ_బాకారం
పాతదంతా ఒకేసారి మార్చమని ఎవరన్నారు? ఈ రోజు నుంచి కొట్టే ప్రతి కొత్త పేజీ యూనికోడ్‌లో కొట్టిస్తే రూపాయి ఎక్కువ కాదు. పేజ్‌మేకర్‌లో అది కుదరదు, దానికి యూనికోడ్ తెలుగు రాదు. దాని బదులు ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకుంటే ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. ఫాంట్లు కొనక్కర్లేదు, మండలి, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి. మా వాళ్లకి అసలు ఇబ్బంది కీబోర్డు దగ్గర, ఏళ్ల తరబడి అను లేఅవుట్‌కి అలవాటైన చేతులు. దానికి కూడా ఉపాయం ఉంది, యూనికోడ్‌లో అదే లేఅవుట్‌తో కొట్టుకునే టూల్స్ దొరుకుతాయి.

మాదాపూర్_టెస్టర్
నేను మాదాపూర్‌లో యాక్సెసిబిలిటీ టెస్టింగ్ చేస్తాను, అంటే సైట్లు, యాప్‌లు వికలాంగులు కూడా వాడగలరా అని చూసే పని. డీటీపీ అన్న చెప్పిందంతా కరెక్ట్, దానికి కొంచెం కలుపుతా.

యూనికోడ్‌లో కొట్టినంత మాత్రాన పీడీఎఫ్ బాగుంటుందని అనుకోకండి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిసి ఒక్క ఆకారంగా మారతాయి కదా, పీడీఎఫ్ చాలాసార్లు ఆ ఆకారాన్నే దాచుకుని కింద ఉన్న అక్షరాలని సరిగ్గా గుర్తుపెట్టుకోదు. కాపీ చేస్తే 'ప్రాథమిక' అన్నది ముక్కలై వరస తప్పి వస్తుంది. అందుకే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి పీడీఎఫ్ బదులు వర్డ్ ఫైల్ గానీ ఈపబ్ (ఈ-పుస్తకం ఫైల్) గానీ ఇవ్వడం మేలు. ప్రింటుకి మీ పీడీఎఫ్ మీకే ఉండనివ్వండి.

వర్డ్‌లో హెడింగ్ అంటే బోల్డ్ చేసి సైజు పెంచడం కాదు. హెడింగ్ 1, హెడింగ్ 2 అనే స్టైల్స్ ఉంటాయి, అవి వాడితేనే పైన అన్న చెప్పిన హెచ్ కీ పని చేస్తుంది. టేబుల్‌లో మొదటి వరసని హెడర్‌గా పెట్టండి, గడులు కలపకండి. డాక్యుమెంట్ భాష తెలుగు అని సెట్ చేయండి, వెబ్ పేజీలో కూడా అంతే. అది లేకపోతే చాలాచోట్ల ఇంగ్లిష్ గొంతు వచ్చి తెలుగుని దాటేసి పోతుంది, లేదా ఇంకేదో పలుకుతుంది.

బాధ ఏమిటంటే ఇదంతా మేం రోజూ చేసే పనే, కానీ విదేశీ క్లయింట్ల కోసం. యూరప్ యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది, దాని తేదీ దగ్గర పడేకొద్దీ హైటెక్ సిటీలో ఎంత హడావిడి చూశానో. ఇదే ఊళ్లో, మెట్రో ఎక్కితే చేరే దూరంలో తయారయ్యే తెలుగు మెటీరియల్ గురించి మాత్రం మమ్మల్ని అడిగినవాళ్లే లేరు.

అశోక్‌నగర్_నోట్స్
థాంక్స్ అక్కా. ఇంకోటి. ఒక కంపెనీ వాళ్లు సార్‌కి ఫోన్ చేసి, సైట్‌లో ఒక్క లైన్ కోడ్ పెడితే చాలు, పక్కన వీల్‌చెయిర్ బొమ్మ వస్తుంది, అది నొక్కితే అందరికీ అన్నీ సరిపోతాయి అన్నారట. సార్ దాని మీద బాగా మోజు పడ్డారు.

చెవితో_చదువు
వద్దు. దండం పెడతా, వద్దు. నా ఫోన్‌లో నాకు అలవాటైన గొంతు, స్పీడు నేను ముందే పెట్టుకుని ఉంటా. ఆ బొమ్మ వచ్చి దాని గొంతు కూడా కలిపితే ఇద్దరు ఒకేసారి మాట్లాడతారు. అలాంటి సైట్ కనిపిస్తే నేను వెనక్కి వచ్చేస్తా.

మాదాపూర్_టెస్టర్
అమెరికాలో ఎఫ్‌టీసీ అనే వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ 2025లో ఇలాంటి సరుకు అమ్మే ఒక కంపెనీ చేత 10 లక్షల డాలర్లు కట్టించింది, ఏ సైట్‌నైనా ప్రమాణాలకి తగ్గట్టు మార్చేస్తామని లేనిపోనివి చెప్పినందుకు. ఈ మాట మీ సార్ చెవిన వేయండి. మీ ఫైల్లో అను ఫాంట్ ఉంటే ప్రపంచంలో ఏ విడ్జెట్ వచ్చినా చదవలేదు.

పెద్దక్షరం
నా సంగతి వేరు, నాకు కొంచెం చూపు ఉంది. స్క్రీన్ రీడర్ వాడను, పెద్దది చేసుకుని చదువుతా. కాబట్టి దయచేసి లేత బూడిద రంగు అక్షరాలు మానేయండి. తెల్ల కాగితం మీద పసుపు హైలైట్, దాంట్లో నారింజ రంగు అక్షరం, అది ఎవరి కళ్ల కోసం? మీ సెంటర్ పేరు పేజీకి అడ్డంగా ఏటవాలుగా వేస్తారే ఆ వాటర్‌మార్క్, అది సరిగ్గా వాక్యం మీదే కూర్చుంటుంది. ఫోన్‌లో పీడీఎఫ్ పెద్దది చేస్తే ప్రతి లైన్‌కీ కుడికి జరిపి మళ్లీ ఎడమకి రావాలి, ఒక పేజీ అయ్యేసరికి తల తిరుగుతుంది. వర్డ్ ఫైల్ అయితే లైన్లు తెరకి తగ్గట్టు అవే సర్దుకుంటాయి.

యాప్ గురించి కూడా. ఫోన్ సెట్టింగ్‌లో అక్షరాల సైజు పెంచితే చాలా తెలుగు యాప్‌లలో బటన్ మీద ఒత్తులు తెగిపోతాయి. ఇంగ్లిష్ అక్షరం ఎత్తుకి గడి కొలిచి కట్టి, అందులో తెలుగుని కుక్కుతారు. పైన గుడి ఉండదు, కింద వత్తు ఉండదు, మిగిలిన దాన్ని బట్టి ఊహించుకోవాలి.

మాదాపూర్_టెస్టర్
అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకి 3:1. ఇది డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణం లెక్క. చూసుకోవడానికి ఉచిత టూల్స్ బోలెడు. తెలుగుకి నా సొంత అభిప్రాయం, ఆ కనీసం దగ్గరే ఆగకండి, మన అక్షరాల్లో చిన్న చిన్న సున్నలు, కొమ్ములు ఎక్కువ.

సైగ
నాకు వినపడదు. ఇప్పటివరకు అందరూ పీడీఎఫ్ గురించే మాట్లాడారు, వీడియోల సంగతి? క్లాసు రెండు గంటలు, క్యాప్షన్ ఒక్క లైన్ ఉండదు. సార్ బోర్డు వైపు తిరిగి మాట్లాడతారు కాబట్టి పెదాలు కూడా కనిపించవు. మాటల్ని అక్షరాలుగా చూపే లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ పక్కన పెట్టుకుని చూస్తాను, మామూలు మాటలకి పర్వాలేదు కానీ అధికరణలు, కమిటీల పేర్లు, ఊళ్ల పేర్లు దగ్గర బోల్తా పడుతుంది, పరీక్షలో అడిగేవి మాత్రం సరిగ్గా అవే. ఆటోమేటిక్‌గా వచ్చిన క్యాప్షన్‌ని అలాగే వదిలేయకండి, పేర్లు, అంకెలు మనిషి దిద్దాలి.

ఇంకో మాట. మాలో చాలామందికి మొదటి భాష సైగల భాష, తెలుగు తర్వాత నేర్చుకున్నది. కాబట్టి క్యాప్షన్ పెడితే అందరికీ అయిపోయింది అనుకోవద్దు. వీలైతే ముఖ్యమైన క్లాసులకైనా ఐఎస్ఎల్ (భారతీయ సైగల భాష) ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టండి. ఢిల్లీలో ఐఎస్ఎల్ఆర్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సైగల భాషా సంస్థ వాళ్ల నిఘంటువులో 10,000కి పైగా పదాలు ఉన్నాయి, ఆన్‌లైన్‌లో వీడియోలుగా దొరుకుతాయి, ఫ్యాకల్టీ ఒకసారి చూస్తే మంచిది.

అశోక్‌నగర్_నోట్స్
వినపడని స్టూడెంట్లు మా దగ్గర ఎవరూ లేరే అనుకున్నాం...

సైగ
క్యాప్షన్ లేని చోట ఫీజు కట్టి ఎవరు చేరతారండీ?

అల్వాల్_అమ్మ
మా బాబుకి డిస్లెక్సియా. కళ్లు బానే ఉన్నాయి, చెవులు బానే ఉన్నాయి, పేరా చూస్తే మాత్రం అక్షరాలు కలిసిపోతాయంటాడు. ఫోన్ చదువుతుంటే, చదివే మాట మీద రంగు పడుతుంటే హాయిగా ఫాలో అవుతాడు. మీరు చెప్తున్న వర్డ్ ఫైల్ వాడికీ పనికొస్తుంది. చూపు లేనివాళ్ల కోసం అని విడిగా దాచిపెట్టకుండా అందరికీ డౌన్‌లోడ్‌కి పెట్టండి బాబూ, సర్టిఫికెట్ చూపిస్తేనే ఇస్తాం అనకండి.

లెక్కల_మనిషి
సరే, ఒప్పుకుంటా, ఉపయోగం ఉంది. కానీ అమ్మా, వర్డ్ ఫైల్ అందరికీ ఇస్తే ఆ రాత్రే టెలిగ్రామ్‌లో ఉంటుంది. పేరు మార్చి ఇంకో సెంటర్ వాడు అమ్ముకుంటాడు. ఓనర్ల అసలు భయం ఇదే, ఖర్చు కాదు. ఎవరూ పైకి చెప్పరు.

అశోక్‌నగర్_నోట్స్
నిజమే, మా సార్ అన్నది కూడా ఇదే.

డీటీపీ_బాకారం
మీ పీడీఎఫ్ ఇప్పుడు టెలిగ్రామ్‌లో లేదా ఏంది? చిక్కడపల్లి లైబ్రరీ బయట జిరాక్స్ షాపులో అడుగు, స్పైరల్ బైండింగ్ చేసి మరీ ఇస్తాడు. దొంగకి ఫొటో చాలు. అక్షరం కావాల్సింది చదువుకునేవాడికే.

వకీల్_నాంపల్లి
లీగల్ పాయింట్ నేను చెప్తా, వీలైనంత పొట్టిగా.

కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 52(1)(జడ్‌బీ) అనే సెక్షన్ వచ్చింది. మామూలు రూపంలో పుస్తకం చదవలేని వికలాంగుల కోసం దాన్ని వాళ్లకి అనువైన రూపంలోకి మార్చి లాభం లేకుండా ఇవ్వడం ఉల్లంఘన కాదు. కాబట్టి మీరు ఇవ్వకపోయినా ఆ పిల్లల స్నేహితులు మీ పుస్తకాన్ని టైప్ చేసి ఇచ్చుకోవచ్చు. 2013 నాటి మర్రకేష్ ఒప్పందం ఇలాంటి పుస్తకాల గురించే, దాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే.

ఇక 2016 వికలాంగుల హక్కుల చట్టం. 21 రకాల వైకల్యాలు గుర్తించింది, అల్వాల్ అమ్మగారి బాబుకున్నది కూడా అందులో ఉంది. 42వ సెక్షన్ ప్రకారం ఆడియో, ప్రింట్, ఎలక్ట్రానిక్ మీడియాలో కంటెంట్ అంతా అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలి. 46వ సెక్షన్ ప్రకారం సర్వీస్ ఇచ్చేవాళ్లు ప్రభుత్వమైనా ప్రైవేటైనా అందుబాటు నియమాలు పాటించాలి, కాబట్టి "మేం ప్రైవేటు సెంటర్" అనే మాట చెల్లదు. 89వ సెక్షన్‌లో జరిమానా మొదటిసారి 10,000 వరకు, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల వరకు.

సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో, ప్రమాణాలు పాటిస్తే మంచిది అన్నట్టు ఆ చట్టం రూల్స్‌లో రాసుకున్న 15వ నిబంధన చట్టానికే విరుద్ధం, తప్పనిసరి ప్రమాణాలు తయారుచేయండి అని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకి ఆధారమైన రిపోర్టు ఎక్కడిదో తెలుసా? మన శామీర్‌పేట నల్సార్ లా యూనివర్సిటీలోని డిసెబిలిటీ స్టడీస్ సెంటర్‌ది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగం అంది. కేవైసీలో కన్ను ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, చూపు లేని ఒకాయన వేసిన కేసులు అవి. మీ పాలిటీ మెటీరియల్‌లో కరెంట్ అఫైర్స్ కింద ఇది ఉండే ఉంటుంది, అదే చదవడానికి రావట్లేదన్నమాట!

చెవితో_చదువు
వకీల్ సాబ్, ఆఖరి లైన్‌కి మీకు ఇరానీ చాయ్ బాకీ.

ఓనర్ భయం గురించి ఒక మాట. ఫైల్ మీద స్టూడెంట్ పేరు, నంబర్ మొదటి పేజీలో మామూలు అక్షరాల్లో వేయండి, మాకేం అభ్యంతరం లేదు. పీడీఎఫ్‌కి కాపీ లాక్ పెట్టేవాళ్లు అక్రోబాట్‌లో స్క్రీన్ రీడర్‌కి అనుమతి ఇచ్చే టిక్ ఒకటి ఉంటుంది, దాన్ని తీసేయకండి. చాలామంది భద్రత పేరుతో అదీ తీసేస్తారు.

మ్యాపుల విషయం ఎవరూ ఎత్తలేదు. జాగ్రఫీలో "చిత్రం: కృష్ణా నదీ వ్యవస్థ" అని వినిపించి ఆగిపోతుంది. అందులో ఏముందో చెప్పాలి కదా.

మాదాపూర్_టెస్టర్
బొమ్మకి వివరణ ఒకటి రెండు వాక్యాల్లో ఉండాలని మేం చెప్తాం, మరీ పొడుగైతే వినేవాళ్లకి విసుగు.

చెవితో_చదువు
అది షాపింగ్ సైట్‌లో చొక్కా ఫొటోకి. పరీక్షకి చదివే మ్యాప్‌కి రెండు వాక్యాలు ఏం సరిపోతాయి? మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మధ్య నుంచి తూర్పుకి పోయి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, ఇలా ప్రతి ఉపనదికీ ఎక్కడ పుట్టింది, ఎటు పోయింది, కుడి వైపు నుంచి కలిసిందా ఎడమ వైపు నుంచా అని రాయాలి. పేజీ అయినా వింటాను, వద్దనుకుంటే దాటేస్తాను, దాటే కీ నా చేతిలోనే ఉంది.

మాదాపూర్_టెస్టర్
అయితే బొమ్మకి పొట్టి వివరణ పెట్టి, కింద మామూలు పేరాగా పూర్తి వివరణ ఇవ్వండి. అప్పుడు చూసేవాళ్లు కూడా చదువుకుంటారు. జాగ్రఫీ ఫ్యాకల్టీతోనే రాయించాలి, టైపిస్ట్‌తో కాదు.

మాక్ టెస్ట్ యాప్‌లో మూడు చూడండి. జవాబిచ్చిన ప్రశ్న ఆకుపచ్చ, ఇవ్వనిది ఎరుపు అని రంగుతోనే చెప్పకండి, మాట కూడా ఉండాలి. బటన్లకి పేర్లు ఉండాలి, లేకపోతే టాక్‌బ్యాక్ "బటన్, బటన్, బటన్" అంటుంది. టైమర్ ప్రతి సెకనూ పలకకూడదు, అడిగినప్పుడే చెప్పాలి.

పెద్దక్షరం
టైమ్ కూడా. అసలు పరీక్షలో అర్హత ఉన్నవాళ్లకి గంటకి 20 నిమిషాలు అదనం, కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది. గ్రూప్-2 పేపర్ 150 నిమిషాలు, అంటే మాకు ఇంకో 50. మీ యాప్ 150కే సబ్మిట్ కొట్టేస్తే అది మాకు మాక్ టెస్ట్ ఎలా అవుతుంది?

అశోక్‌నగర్_నోట్స్
అందరికీ ఒకేసారి చెప్తున్నా. సార్‌తో కూర్చున్నాను. జరిమానా కంటే ఆ విడ్జెట్ కంపెనీ కథ బాగా పని చేసింది, ఆ ఫోన్లు ఇక ఎత్తట్లేదు. కొత్తగా కొట్టే మెటీరియల్ అంతా యూనికోడ్‌లోనే. పాతదాంట్లో ముందు పాలిటీ మారుస్తాం, ప్రూఫ్ మా ఫ్యాకల్టీయే చూస్తారు. యాప్ డెవలపర్‌కి టైమ్, బటన్ల సంగతి పంపాను. క్యాప్షన్లకి మాత్రం సార్ ఇంకా ఊగుతున్నారు, రికార్డింగ్‌ల కంటే ముందు లైవ్ రివిజన్ క్లాసులకి చూద్దాం అంటున్నారు. ప్రాథమిక హక్కుల చాప్టర్ వర్డ్‌లో చేసి చెవితో_చదువు అన్నకి మెసేజ్‌లో పంపాను.

సైగ
లైవ్ కాదు, రికార్డింగే ముందు చేయండి. రికార్డింగ్‌లో తప్పులు దిద్దే టైమ్ ఉంటుంది. దిద్దడానికి మనిషి కావాలంటే నేను పేర్లు, అంకెలు చూసి పెడతాను, జీతం మాట్లాడుకుందాం.

చెవితో_చదువు
ఫైల్ విన్నాను. హెడింగ్‌లు బాగా పని చేస్తున్నాయి. అధికరణ 19 కింద ఆరు స్వేచ్ఛలు లిస్ట్‌గా కాకుండా ఒకే పేరాలో అంకెలు కొట్టి రాశారు, నిజమైన లిస్ట్ చేయండి. 21ఏ రెండు చోట్ల '21 ఎ' అని విడిపోయింది, వెతికితే దొరకట్లేదు. రిట్‌ల టేబుల్‌లో మూడో వరస ఖాళీగా వినిపిస్తోంది, మాండమస్ వరస కిందికి జారినట్టుంది. మీ సెంటర్ ఫోన్ నంబర్ ప్రతి పేజీలో మేటర్ మధ్యలోనే కొట్టారు, సగం వాక్యంలో "అడ్మిషన్లకు సంప్రదించండి" అని వస్తోంది.

డీటీపీ_బాకారం
ఫోన్ నంబర్‌ని ఫుటర్‌లో పెట్టాలి, మేటర్‌లో టైప్ చేసినట్టున్నారు. ఫైల్ నాకు పంపు భయ్యా, సాయంత్రం షాపు కట్టే లోపు తీసేస్తా. టేబుల్ కూడా చూస్తా.